నాలుగో కాగితం

మా మరిది హేమచంద్‌కు కంప్యూటర్లు తెలుసని మా అత్తగారింట్లో పదిహేనేళ్లుగా అందరూ నమ్ముతున్నారు. ఆ నమ్మకానికి ఆధారం ఒక్కటే. పాడైన కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపు అతను మాట్లాడడు. మిగతా వేళల్లో అతని నోరు ఆగదు కనుక, ఆ మౌనాన్ని అందరూ విద్య అనుకుంటారు.

సుచిత్ర చౌరస్తాలో ఒక అపార్ట్‌మెంట్ మెట్ల కింద అతనికి చిన్న షాపుంది. ఆ శనివారం పొద్దున అక్కణ్నుంచి శామీర్‌పేట వైపు ఒక ఊరికి పోతూ, దారి కాకపోయినా మేడ్చల్‌లో మా ఇంటికి వచ్చాడు. ఏడు దోసెలు తిన్నాడు. ఎనిమిదోది వద్దన్నాడు, వేశాక అదీ తిన్నాడు.

"చెరువు కాడ చేపల సొసైటీల పనుంది వదినా" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "వాళ్ల కంప్యూటర్ల లైనక్స్ నేనే ఏసిన. మొత్తం ఫ్రీ. ఓపెన్ సోర్స్ అంటే ఏందో గా ఊర్ల ఒక్కనికి తెల్వది. ఒక ఫైలును పీడీఎఫ్ చేసియ్యాలె, అంతే. గంటల అయిపోతది."

"ఇయ్యాల అయిదింటి లోపల గద?" అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"మైసమ్మ చెప్పింది. ఉండు, నేను గూడ వస్త."

మైసమ్మ ప్రతి మంగళవారం మా వీధికి చేపలు తెస్తుంది. ఆమె పొలుసు తీసిన చేపను నేను మళ్లీ కడగాల్సిన పని ఉండదు. ఈ మాట నేను చాలా కొద్దిమంది గురించి అంటాను. ఆమె భర్త బాలమల్లు రెండేళ్ల కిందట పోయాడు. సొసైటీలో అతని సభ్యత్వం భార్యకు రావాలి. రాలేదు. సభ్యత్వం లేనివాళ్లు చెరువులో వల వేయకూడదు. అందుకని మైసమ్మ తన బావ కార్డు మీద వల వేస్తుంది, పడిన చేపల్లో సగం ఆయనకు పోస్తుంది. ఆయన చెరువు ముఖం చూడడు. రెండేళ్లు తిరిగితే, మొన్న సర్వసభ్య సమావేశంలో ఆమెతో పాటు మరో ముగ్గురు ఆడవాళ్ల పేర్లు చేర్చడానికి తీర్మానం చేశారు. ఆ జాబితా శనివారం సాయంత్రం అయిదింటిలోగా ఆన్‌లైన్‌లో పోవాలి. పోకపోతే మళ్లీ మూడేళ్లకు.

"మీ మరిదే జేస్తుండంట గదమ్మా" అని మైసమ్మ మంగళవారం నన్నడిగింది. "పని వస్తదా ఆయినెకు?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు గనకనే బండెక్కాను.

సొసైటీ ఆఫీసు చెరువు కట్ట దిగువన ఒకే గది. ఊరి పేరు రాయను. గదిలో ఒక బీరువా, ఒక బల్ల, ఎవరో పాతబడిందని దానమిచ్చిన కంప్యూటర్. ప్రింటర్ లేదు. పక్కనే జహేదా జిరాక్స్ షాపు ఉంది. ప్రింట్లు, స్కానింగులు, ఆన్‌లైన్లో పంపడాలు అన్నీ అక్కడే. కాకపోతే జహేదా పీడీఎఫ్ తప్ప వేరే ఫైలు ముట్టదు. "నా సిస్టమ్ల తెరిస్తే అక్షరాలు ఎటుపోయినా నన్నే అంటరు. పీడీఎఫ్ చేసుకొని తెండ్రి" అని గోడ మీద కూడా రాసి పెట్టుకుంది. ఆ ఊళ్లో రాసిన మాటకు కట్టుబడిన మనిషి ఆమె ఒక్కతే అని సాయంత్రానికి నాకు తెలిసింది.

సొసైటీ జాబితా మాత్రం వేరేచోట కొట్టించిన పాతకాలపు ఫైలు. హేమచంద్ వేసిన లైనక్స్‌లో దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ లేదు. దాన్ని తెరవడానికి, పీడీఎఫ్‌గా మార్చడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని ఎక్కించడమే ఆరోజు పని.

మమ్మల్ని చూసి డైరెక్టర్ యాదగిరి కుర్చీలోంచి లేచాడు. సొసైటీలో చేరిన మూడేళ్లకే డైరెక్టర్ అయిన మనిషి. చేతిలో రెండు ఫోన్లు. మైసమ్మ గడప అవతల, గంప బోర్లించి దాని మీద కూర్చుని ఉంది.

"రండి సారూ. పోయిన వారం మీరు మార్చిన కీబోర్డ్ గూడ పనిచేస్తలేదు" అన్నాడు యాదగిరి. "పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్క అక్షరం పడ్తలేదు."

హేమచంద్ పాస్‌వర్డ్ కొట్టాడు. తెర మీద ఏమీ కనిపించలేదు. ఎంటర్ నొక్కాడు, లోపలికి వెళ్లింది. పాస్‌వర్డ్ పక్కవాళ్లకు కనిపించకుండా ఉండాలని అది అలా చేస్తుంది. ఈ సంగతి పోయిన వారం అతనికి తెలిసి ఉంటే, బాగున్న కీబోర్డు మారేది కాదు. పాతది బల్ల కింద పడి ఉంది. దాని తీగను చుట్టి గుడ్డ ముక్కతో కట్టారు, చచ్చిన కోడి కాళ్లు కట్టినట్టు.

"గిప్పుడు మంచిగయింది" అన్నాడు హేమచంద్. యాదగిరి మెచ్చుకోలుగా తలూపాడు.

తర్వాత నల్లటి తెరలో ఏదో కొట్టాడు. తెల్లటి వరుసలు గబగబా దొర్లి ఆగిపోయాయి. హేమచంద్ చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు.

"డౌన్‌లోడ్ అవుతాంది. పెద్ద సాఫ్ట్‌వేర్. టైం పడ్తది."

పదకొండున్నర అయింది. టీ వచ్చింది. పన్నెండు అయింది. తెర మీద ఒక్క అక్షరం కదల్లేదు. యాదగిరి తెరను దణ్ణం పెట్టుకునే భంగిమలో చూస్తున్నాడు. హేమచంద్ మౌనంగా ఉన్నాడు, అంటే విద్య నడుస్తోందన్నమాట. నేను కొంచెం ముందుకు వంగి చివరి వరుస చదివాను. ఇంత మేర స్థలం పడుతుంది, ఎక్కించమంటారా, అవునంటే వై నొక్కండి, కాదంటే ఎన్ నొక్కండి అని ఉంది.

"హేమచంద్, అది నిన్నేదో అడుగుతాంది" అన్నాను.

"అడగదు వదినా. గది లాగ్. లోపల నడుస్తుంటది."

"ఎస్సా, నో నా అని అడుగుతాంది."

"గది మనకు కాదు, సర్వర్‌కు."

సర్వర్‌ను అడిగే ప్రశ్న ఈ చెరువు కట్ట కింద ఎందుకు పడుతుందని నేను అడగలేదు. నలభై నిమిషాలు ఆ యంత్రం వినయంగా చెయ్యి చాపి నిలబడింది, ఒక్క అక్షరం కోసం. ఇంత మర్యాద ఆ గదిలో ఇంకెవరి దగ్గరా లేదు.

పన్నెండుంబావుకు హేమచంద్ బల్ల మీదికి వంగి ఫ్యాను గాలికి ఎగురుతున్న కాగితాన్ని పట్టుకోబోయాడు. మోచెయ్యి కీబోర్డుకు తగిలింది. ఏది తగిలిందో ఏమో, ఎంటర్ పడినట్టుంది, ఎందుకంటే తెర మీద వరుసలు ఒక్కసారి ఉరకడం మొదలుపెట్టాయి. అది అతనికి నచ్చలేదు.

"వైరస్ పట్టింది" అని స్విచ్ తీసేశాడు.

మళ్లీ వేశాక కంప్యూటర్ ఇక ఏం చెప్పినా వినలేదు. సాఫ్ట్‌వేర్ అనగానే ఎర్రగా ఒకటే మాట చూపించింది. హేమచంద్ నాలుగుసార్లు అదే కొట్టాడు, నాలుగుసార్లు అదే మాట వచ్చింది. అతను ఎవరికో ఫోన్ చేశాడు. ఆ ఎవరో ఎత్తలేదు.

"మొత్తం ఫార్మాట్ కొట్టాలె. రేపు మల్ల వస్త" అన్నాడు.

గడప అవతల మైసమ్మ లేచి నిలబడింది. కొంగు చివర ముడి వేసింది, విప్పింది.

"రేపు దేనికి? అయిదింటికి బందయితది గద" అన్నాను.

"మరేం జేద్దం వదినా. మిషన్ మొరాయిస్తే నేనేం జేస్త."

"ఆ ఎర్ర వరుస ఒక్కసారి చదువు."

"ఎర్రర్ అది. ఎర్రర్‌ల ఏముంటది చదవడానికి."

ఏముందో నేనే చదివాను. ఎక్కించే పని మధ్యలో ఆగిపోయింది, ముందు ఈ ఆదేశం ఇచ్చి దాన్ని సరిచేయండి అని, ఆ ఆదేశాన్ని కూడా అదే రాసి పెట్టింది. ఇడ్లీపిండి ప్యాకెట్టు వెనక రాసినదానికంటే స్పష్టంగా ఉంది. "గిది గిట్లనే కొట్టు" అని వేలు పెట్టి చూపించాను. నన్ను ఊరడించడానికన్నట్టు కొట్టాడు. యంత్రం తన గాయాలన్నీ తానే మాన్పుకుంది. మళ్లీ సాఫ్ట్‌వేర్ అడిగాం, మళ్లీ వై, ఎన్ అని అడిగింది. హేమచంద్ చేతులు కట్టుకోబోయాడు. నేను వై నొక్కాను.

ఇరవై నిమిషాల్లో సాఫ్ట్‌వేర్ ఎక్కింది.

"చూసినవా" అన్నాడు యాదగిరితో. "ఓపికుండాలె. లైనక్స్ అంటే గదే."

జాబితా తెరుచుకుంది. పీడీఎఫ్ కూడా అయింది. అయితే వేరే చిక్కు వచ్చిపడింది.

దానికి ముందు ఆ సొసైటీలో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. అధ్యక్షుడు గాలయ్య ఎటైనా పోవాల్సి వస్తే, తెల్లకాగితాల అడుగున సంతకం పెట్టి, స్టాంపు కొట్టి, బీరువాలో పెట్టి పోతాడు. పైన ఏం అచ్చు వేసుకోవాలో వెనకున్నవాళ్లు చూసుకుంటారు. యాదగిరి దీన్ని నమ్మకం అన్నాడు. నేను ఆ కాగితాలను తిరగేసి చూశాను. చెరువును ఎవరికైనా రాసిచ్చేయడానికి సరిపడా తెలుపు వాటి మీద ఉంది. ఈసారి జాబితా మూడు పేజీలని గాలయ్య సరిగ్గా మూడే సంతకాలు పెట్టి పోయాడు, సిద్దిపేటలో పెళ్లికి.

ఇప్పుడు జాబితా నాలుగు పేజీలయింది. జాబితా కొట్టించిన కంప్యూటర్లో ఉన్న తెలుగు అక్షరాలు ఇందులో లేవు. సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న వేరే తెలుగు అక్షరాలు వేసింది, అవి కాస్త లావు. పేజీకి ఇరవై రెండు పేర్లు పట్టే చోట ఇరవయ్యే పట్టాయి. మొత్తం అరవై నాలుగు పేర్లు. మూడు కాగితాలకు అరవై. నాలుగో కాగితం మీద నాలుగు పేర్లు మిగిలాయి, ఆ నలుగురూ కొత్తగా చేరిన ఆడవాళ్లు. అరవై నాలుగో పేరు మైసమ్మ.

"గాలన్నకు ఫోన్ కొట్టు" అన్నాడు హేమచంద్.

"స్విచాఫ్ వస్తాంది. పెండ్లిల ఉన్న మనిషిని ఏం పరేషాన్ జేస్తం" అన్నాడు యాదగిరి, ఫోన్ చెవి దగ్గర పెట్టకుండానే.

హేమచంద్ గడ్డం గోక్కున్నాడు. "ఒకటి జేద్దం. మూడు పేజీలే పంపుదం. మిగిలింది నలుగురే గదా, వాళ్లకు తర్వాత సప్లిమెంటరీ పెడ్దం."

"పెడ్తే తీసుకుంటరా?" అన్నాను.

"తీసుకుంటరు వదినా. గవర్నమెంటుల సప్లిమెంటరీ లేనిదేముంది."

"అక్షరం కొంచెం చిన్నగ జేస్తే మూడు పేజీలల్లనే పట్టది?"

"ఫార్మాట్ డిస్టర్బ్ అయితది. నీకు తెల్వదు, టెక్నికల్." ఈ మాట అన్నప్పుడు అతని ముఖంలో జాలి కూడా ఉంది. ఆ జాలి నేను భద్రంగా దాచుకున్నాను.

యాదగిరికి ఈ ఉపాయం నచ్చింది. "గంతే గంతే. ఆడోల్లకు తొందరేముంది. రెండేండ్లు ఆగిన్రు, ఇంగో దినం ఆగుతరు."

గడప దగ్గర్నుంచి మైసమ్మ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నా పేరు తీస్తే తీయుండ్రి యాదన్నా. గా జాగల గీ సారు పేరు రాసుకోండ్రి. తెల్లారంగ తెప్ప మీద పోయి వల ఏసి వస్తడు. మునిగితే నాకు ఫోన్ జెయ్యమను, తీస్త."

హేమచంద్ నవ్వబోయి, అది తన మీదేనని అర్థమై ఆగిపోయాడు. తిండి యాళ్ల అయిందని యాదగిరి అతన్ని కట్ట మీది హోటలుకు తీసుకుపోయాడు. పోతూ పోతూ "వచ్చినంక గా నాలుగు పేర్లు తీసేస్త" అని హేమచంద్ నాకు అప్పజెప్పినట్టు చెప్పాడు.

వాళ్ల బండి శబ్దం దూరమయ్యాక నేను కుర్చీలో కూర్చున్నాను. మైసమ్మ లోపలికొచ్చి నా వెనక నిలబడింది.

"ఏం జేస్తున్నవమ్మా?"

"ముందు తీర్మానం చదువుతున్న."

తీర్మానం రెండుసార్లు చదివాను. అరవై నాలుగు పేర్లుండాలని ఉంది. ఏ వరుసలో ఉండాలో లేదు. కింది నాలుగు వరుసలను పట్టుకుని పైకి జరిపాను. అంకెలు వాటంతటవే మారాయి. మైసమ్మ ఒకటి అయింది. మిగతా ముగ్గురు రెండు, మూడు, నాలుగు. పాతవాళ్లందరూ నాలుగేసి మెట్లు దిగారు. మళ్లీ పీడీఎఫ్ చేశాను. అందుకు ఒక్క నొక్కు చాలు. నాలుగో పేజీ మీద ఎవరు మిగిలారో చూసి మైసమ్మకు చదివి వినిపించాను. పోయినసారి చివర్లో చేరినవాళ్లు ఆ నలుగురూ. గాలయ్య కొడుకులిద్దరు, యాదగిరి తమ్ముడు, యాదగిరి.

మైసమ్మ ఆ నాలుగు పేర్లనూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తర్వాత "వాల్లు జూస్తె ఊకుంటరా?" అంది.

"చూడాలనే."

వాళ్లు మూడింటికి వచ్చారు. హేమచంద్ పళ్లలో పుల్ల పెట్టుకుని ఉన్నాడు.

"చివరి నాలుగు తీసేస్తనన్నవు గద, తీసెయ్" అని కుర్చీ ఖాళీ చేశాను.

అతను నిజంగానే తీసేయబోయాడు. చదవకుండా. పేర్ల మీద నీలం రంగు పరుచుకుంది, వేలు మీట మీదికి పోయింది. యాదగిరి మాత్రం తన పేరు ఎక్కడున్నా కనిపెట్టగలడు.

"ఆగు ఆగు. గిదేంది? నా పేరు గీడికెందుకొచ్చింది?"

"నాలుగో పేజీల పడ్డది" అన్నాను.

"నాది అరవై గదమ్మా."

"ఇప్పుడు అరవై నాలుగు. ఏంగాదు, నలుగురే గద. సప్లిమెంటరీ పెడ్తరంట."

"సప్లిమెంటరీ ఎవడు తీసుకుంటడు?" అన్నాడు యాదగిరి. అన్నాక, ఆ మాట గదిలో అందరికీ వినబడిందని అతనికి తెలిసింది. మైసమ్మ వైపు చూడలేదు. రెండో ఫోన్ తీశాడు. ఈ ఫోన్లో గాలయ్య స్విచాఫ్ కాలేదు. రెండో రింగుకే ఎత్తాడు.

"అన్నా, జెర జల్దీ రావాలె... లే, మన పోరగాల్ల పేర్లు పోతున్నయి... ఆఁ, తిని వస్తనంటే గాదు, ఇప్పుడే."

సిద్దిపేట నుంచి మనిషి పదిహేను నిమిషాల్లో వచ్చాడు. పెళ్లి పక్కనే తూంకుంట ఫంక్షన్‌హాల్లోనట. తెల్లబట్టలు, చేతికి ఇంకా మసాలా వాసన.

"కూరల చెయ్యివెట్టంగ లేపినవు గదరా" అని యాదగిరిని తిట్టి, తెల్లకాగితం అందుకుని, తెర మీద జాబితా మొదటి పేజీ చూశాడు. కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"ఆడోల్లు పైకెందుకొచ్చిన్రు? అరవయ్యేండ్ల సొసైటీ. మా నాయిన పేరుండె గా జాగల. మార్చుండ్రి ఇది. మునుపటి లెక్క పెట్టుండ్రి."

"పెట్టొచ్చు" అన్నాను. "మా మరిది మల్ల మొదలువెడ్తడు. పొద్దున పదకొండింటికి మొదలువెట్టిండు. ఎంతసేపు పడ్తదో యాదగిరిని అడుగుండ్రి."

గాలయ్య హేమచంద్‌ను చూశాడు. హేమచంద్ నోట్లోంచి పుల్ల తీశాడు. తర్వాత గాలయ్య గోడ గడియారం చూశాడు, మూడూ ముప్పావు. ఆరోజు మా మరిది అసమర్థత లోకానికి చేసిన ఉపకారం అదొక్కటే, అందులో నేను ఒక్క చుక్క వృథా కానివ్వలేదు.

గాలయ్య నాలుగో కాగితం మీద సంతకం పెట్టాడు. యాదగిరి స్టాంపు కొట్టాడు, మామూలుకంటే గట్టిగా.

జహేదా నాలుగు పేజీలూ అచ్చు తీసి, స్కాన్ చేసి, పంపేముందు తన అలవాటు ప్రకారం పైకి చదివింది. "ఒకటో నంబర్, మైసమ్మ, భర్త కీర్తిశేషులు బాలమల్లు. కరెక్టేనా? తర్వాత నన్ననొద్దు."

"కరెక్టే" అంది మైసమ్మ. ఆమె చెయ్యి జహేదా బల్ల అంచును పట్టుకుని ఉంది, తెప్ప ఊగుతున్నప్పుడు పట్టుకున్నట్టు. నాలుగూ ముప్పై ఎనిమిదికి రసీదు వచ్చింది. ఆమె దాన్ని మడవలేదు. తడి తగలకుండా గంపలో ఎక్కడ పెట్టాలో తోచక, చివరికి జహేదాను ప్లాస్టిక్ కవరు అడిగింది.

ఇంటికి వచ్చేటప్పుడు హేమచంద్ బండి మీద గాలికి అరుస్తూ చెప్పాడు. "చూసినవా వదినా, మంచి సాఫ్ట్‌వేర్ అయితే పేర్లు గూడ దానంతట అదే సదురుకుంటది. అందుకే నేను ఓపెన్ సోర్సే ఏస్త." నేను కాదనలేదు. ఆ రాత్రి మా అత్తగారు, పాపం పొద్దంతా కష్టపడ్డాడని అతనికి నెయ్యి రెండు చెంచాలు ఎక్కువ వేసింది.

మంగళవారం మైసమ్మ వచ్చింది. గంప దించి, రవ్వ చేపను పీట మీద పెట్టి, పొలుసు తీస్తూ అడిగింది.

"అమ్మా, గాలన్న రాకపోతే ఏం జేస్తుంటివి?"

"అక్షరం ఒక మెట్టు తగ్గిస్తుంటి. వాళ్లు తిననీకి పోయినప్పుడు చేసి చూసిన. మూడు పేజీలల్ల అందరు పట్టిన్రు. మల్ల ఎప్పటి లెక్కనే పెట్టేసిన."

ఆమె కత్తి ఆగింది. "మరి గదే జేస్తే అయిపోవు గద. గింత లొల్లి ఎందుకు?"

"అయిపోవు. నువ్వు అరవై నాలుగుల ఉందువు. రేపు ఇంకో యంత్రంల ఇంకో పేజీ పెరిగితే, మల్ల నిన్నే తీద్దురు."

మైసమ్మ చేపను తిప్పి, రెండో వైపు పొలుసు మొదలుపెట్టింది.

"ఈసారి యాదన్న పేరు తీస్తరు" అంది.